వారానికో మాత్ర వెనక మన సుబ్బారావు

సొరియాసిస్‌కు, దాంతో వచ్చే కీళ్లవాతానికి డాక్టర్లు ఎక్కువగా రాసే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అది పుట్టింది అమెరికాలోనే అయినా, పుట్టించిన పరిశోధనకు నాయకుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతికీ ఆయన పేరే ఉంది. చర్మానికీ ఎముకకూ పనికొచ్చిన ఆ జీవితం గురించి...

మర్రిపాడు, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో మోకాళ్లు పట్టేశాయనీ, నడుం వంగడం లేదనీ చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. వారిలో కొందరికి మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో తెల్లటి పొలుసులతో ఎర్రటి మచ్చలు కూడా కనిపిస్తాయి. చర్మానిది ఒక జబ్బు, కీళ్లది ఇంకో జబ్బు అనుకుని పైకి ఓ పూత, నొప్పికి ఓ బిళ్ల వాడుకుంటూ ఏళ్లు నెట్టుకొస్తారు. చివరికి ఆత్మకూరుకో నెల్లూరుకో వెళ్తే రెండూ ఒకే జబ్బని తేలుతుంది. డాక్టరు మెథోట్రెక్సేట్ రాస్తారు. ఇంటికొచ్చాక అది క్యాన్సర్ మందని పక్కింటివాళ్లు చెబుతారు. ఎముకలు పొడిబారిపోతాయని ఇంకొకరు భయపెడతారు. మందుల చీటీ బీరువాలోకి వెళ్తుంది. వేళ్ల కీళ్లు మాత్రం వంకర తిరుగుతూనే ఉంటాయి.

ఆ భయంలో కొంత నిజం ఉంది, చాలావరకు అపోహ ఉంది. రెండింటినీ విడదీసి చూడాలంటే ఆ మందు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకోవాలి.

గోదావరి నుంచి మద్రాసుకు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. తండ్రికి అనారోగ్యం, పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. చిన్నప్పుడు సుబ్బారావుకు చదువు మీద మనసు నిలిచేది కాదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి బయల్దేరిపోతే వెనక్కి తీసుకొచ్చారు. తండ్రి పోయాక వెంకమ్మ నగలు అమ్మి మరీ కొడుకును చదివించారు. రాజమండ్రిలో మొదలైన హైస్కూలు చదువు మద్రాసు ట్రిప్లికేన్‌లోని హిందూ హైస్కూల్లో ముగిసింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మూడుసార్లు పరీక్ష రాసిన ఆ కుర్రాడే తర్వాత వైద్య విద్యార్థులు ప్రపంచమంతా చదువుకునే పాఠాల్లోకి ఎక్కాడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక సన్యాసం తీసుకుని రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. సేవే చేయాలనుంటే డాక్టరై చేయొచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకు డబ్బు సాయం కస్తూరి సూర్యనారాయణమూర్తి కుటుంబం నుంచి అందింది. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావు పెళ్లి జరిగింది.

అవి గాంధీజీ పిలుపుతో విదేశీ వస్త్రాలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. శస్త్రచికిత్స ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు చివరికి దక్కింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువగా చూసే ఎల్ఎంఎస్. దాంతో ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరారు.

ఆ ఇంటిని పీడించిన పేగు జబ్బు

సుబ్బారావు దారిని మార్చింది ఒక జబ్బు. దాని పేరు స్ప్రూ. ఉష్ణమండల దేశాల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బులో పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటబట్టదు. ఎడతెగని విరేచనాలు, నోటి పూత, రక్తం విరగడం, మనిషి చిక్కి శల్యమవడం దాని లక్షణాలు. సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు ఈ జబ్బుతోనే చనిపోయారు. తర్వాత ఆయనకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చేసిన వైద్యంతో కోలుకున్నారు.

ఎముకల సంగతి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇక్కడ ఒక విషయం గమనించాలి. పేగు కొవ్వును పీల్చుకోలేకపోతే కొవ్వులో కరిగే విటమిన్ డి కూడా వంటికి పట్టదు. విటమిన్ డి లేకపోతే తిన్న క్యాల్షియం రక్తంలోకి చేరదు. అప్పుడు శరీరం తనకు కావలసిన క్యాల్షియాన్ని ఎముకల నుంచి లాగేసుకుంటుంది. అందుకే ఏళ్ల తరబడి విరేచనాలు, అజీర్ణం ఉన్నవాళ్లకు ఎముకలు మెత్తబడతాయి. సొరియాసిస్ ఉన్నవారిలో పెద్దపేగు వాపు, క్రోన్స్ లాంటి జబ్బులు మిగతావారికన్నా కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. చర్మపు జబ్బుతో పాటు వారాల తరబడి విరేచనాలు, బరువు తగ్గడం ఉంటే ఆ మాట చర్మ వైద్యుడికి తప్పక చెప్పాలి.

అన్నదమ్ముల చావు సుబ్బారావును వదల్లేదు. ఆ జబ్బుకు మందు కనిపెట్టాలన్న పట్టుదలతో ఉష్ణమండల వ్యాధుల గురించి చదవడానికి అమెరికాలోని హార్వర్డ్‌కు బయల్దేరారు. మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం ఆ ప్రయాణానికి ఆధారమయ్యాయి. మూడేళ్లలో తిరిగొస్తానన్న ఆశతో శేషగిరి ఇక్కడే ఉండిపోయారు.

రక్తంలో ఎముకల జాడ

బోస్టన్‌లో దిగేసరికి చేతిలో డబ్బు దాదాపు లేదు. ఎల్ఎంఎస్ పట్టాతో అక్కడ డాక్టరుగా ప్రాక్టీసు చేసే వీల్లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనిలో చేరారు. పగలు చదువు, రాత్రి పని. అలాగే ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తి చేసి, హార్వర్డ్ వైద్య కళాశాలలో జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

అక్కడ ఆయన మొదటి పెద్ద విజయం 1925లో వచ్చింది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కచ్చితంగా, తేలిగ్గా కొలిచే పద్ధతి అది. నమూనాలోని ఫాస్ఫేట్‌కు ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, మరో రసాయనంతో చర్య జరిపితే నీలి రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్ని కొలిస్తే లెక్క తేలిపోతుంది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది పుస్తకాలకెక్కింది. తర్వాతి తరాల వైద్య విద్యార్థులు ప్రయోగశాలలో దాన్ని స్వయంగా చేసి నేర్చుకున్నారు.

ఇది ఎముకలకు ఎందుకు ముఖ్యం? మన ఒంట్లోని ఫాస్ఫరస్‌లో 85 శాతం దాకా ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఎముకకు గట్టిదనం ఇచ్చేది క్యాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన లవణమే. పిల్లల్లో రికెట్స్, పెద్దల్లో ఎముకలు మెత్తబడటం, పారాథైరాయిడ్ గ్రంథి జబ్బులు, కిడ్నీ వైఫల్యం లాంటి వాటిలో రక్తంలో ఫాస్ఫరస్ తగ్గడమో పెరగడమో జరుగుతుంది. పెద్దల్లో అది సాధారణంగా డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. ఈరోజు ఎముకల నొప్పి అని వెళ్తే క్యాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి అని నాలుగు పరీక్షలు రాస్తారు. అందులో రెండోదాన్ని ఆసుపత్రులకు అందుబాటులోకి తెచ్చినవారిలో మన సుబ్బారావు ఒకరు.

ఫాస్ఫరస్ వెంట వెళ్తూనే ఆయన, ఫిస్క్ కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించి 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీని వెలికి తీశారు. జర్మనీలో లోమన్ కూడా అదే కాలంలో దాన్ని కనిపెట్టారు. కణానికి శక్తి అందించే ఏటీపీ పేరు ఇవాళ ఇంటర్ పిల్లలకూ తెలుసు. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు.

మందు, దాని విరోధి

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టర్ అయ్యారు. చిన్నప్పటి నుంచి వెంటాడిన స్ప్రూ దగ్గరికి ఇక్కడ మళ్లీ వచ్చారు.

ఆ దారికి మొదటి మెట్టు మన దేశంలోనే పడింది. 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనతకు ఈస్ట్ సారం ఇచ్చి తగ్గించారు. అందులో ఉన్నదేమిటో ఆమెకు తెలియలేదు. ఆ పదార్థం ఆకుకూరల్లో, కాలేయంలో కూడా ఉందని తర్వాత తేలింది. అదే ఫోలిక్ యాసిడ్. సుబ్బారావు నాయకత్వంలోని బృందం దాని నిర్మాణం తేల్చి, 1945లో ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే రక్తం పుంజుకుంది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు ఆ జబ్బుకు ఆయన చేతుల మీదుగానే మందు వచ్చింది.

ఫోలిక్ యాసిడ్ లేకపోతే కణాలు విభజన చెందలేవు. అయితే విచ్చలవిడిగా పెరిగే కణాలను ఆపాలంటే, ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూనే దాని పని చెడగొట్టే పదార్థం ఉంటే చాలు కదా! తాళంలో దూరుతుంది గానీ తిరగని తాళంచెవి లాంటిది. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అలాంటి పదార్థాల కోసం చూస్తుంటే, సుబ్బారావు బృందం వాటిని తయారు చేసి పంపింది. వాటిలో అమినాప్టెరిన్ అనేదాన్ని ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతవరకు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు వారాలే గడువు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అమినాప్టెరిన్‌కు తమ్ముడిలాంటిది, కాస్త తేలిగ్గా వాడదగినది మెథోట్రెక్సేట్. అదీ ఆ ప్రయోగశాలలోనే పుట్టింది.

బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, టెట్రాసైక్లిన్ జాతికి మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన పర్యవేక్షణలోనే వెలుగు చూశాయి. ఏటా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర అదే.

1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే సుబ్బారావు గుండె ఆగిపోయింది. వయసు 53. పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఆయన ఇంటికి రాలేకపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. శేషగిరి ఎదురుచూపు అలాగే మిగిలిపోయింది. అమెరికా పౌరసత్వమూ ఆయన తీసుకోలేదు. ఆయన శతజయంతి ఏడాది 1995లో భారత తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

చర్మం దాకా ఎలా వచ్చింది?

సుబ్బారావు పోయిన మూడేళ్లకు, 1951లో, రిచర్డ్ గబ్నర్ అనే అమెరికన్ వైద్యుడు ఒక వింత గమనించారు. కీళ్లవాతానికి అమినాప్టెరిన్ ఇస్తుంటే, సొరియాసిస్ కూడా ఉన్న రోగి చర్మం మీది పొలుసులు తగ్గిపోయాయి. ఆ దశాబ్దంలోనే అమినాప్టెరిన్ స్థానంలోకి మెథోట్రెక్సేట్ వచ్చింది. అప్పటి నుంచి సొరియాసిస్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు.

క్యాన్సర్ మందు అన్న మాట ఇక్కణ్నుంచే వచ్చింది. అయితే క్యాన్సర్‌లో దీన్ని చాలా పెద్ద మోతాదుల్లో ఇస్తారు. సొరియాసిస్‌కు వారానికి ఒక్కసారి, సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్యే ఇస్తారు. ఈ కొద్ది మోతాదులో అది గాడి తప్పిన రోగనిరోధక కణాల జోరు తగ్గిస్తుంది.

పొలుసుల కింద ఎముక

సొరియాసిస్ అంటువ్యాధి కాదు. రక్తం చెడిపోవడం వల్ల వచ్చేదీ కాదు. రోగనిరోధక వ్యవస్థ పొరబాటున మన కణాల మీదికే తిరగబడటం వల్ల వస్తుంది. మామూలుగా చర్మపు పైపొర నెల రోజులకు మారితే, సొరియాసిస్‌లో కొద్దిరోజుల్లోనే మారిపోతుంటుంది. రాలడానికి సమయం చాలక పొలుసులు కడతాయి.

ఈ వాపు చర్మంతో ఆగదు. ఎముక మన ఒంట్లో నిత్యం కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలు వేరు, కట్టే కణాలు వేరు. సొరియాసిస్‌లో ఎక్కువగా తయారయ్యే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-17 అనే రసాయనాలు కరిగించే కణాలను ఉసిగొల్పుతాయి. సొరియాసిస్ ఉన్నవారిలో సుమారు 30 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు కీళ్లవాతం రావచ్చని అంచనా. చాలామందిలో చర్మం ముందు, కీళ్లు తర్వాత. మధ్యలో పదేళ్లు కూడా పట్టొచ్చు. కీలు దగ్గర ఒకవైపు ఎముక తినేసినట్టు అరిగిపోతూ, పక్కనే అక్కర్లేని చోట కొత్త ఎముక పెరగడం దీని ప్రత్యేకత.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు:

పొద్దున లేవగానే అరగంటకు మించి కీళ్లు బిగుసుకుపోవడం, కదిలేకొద్దీ తేలికపడటం.

ఒక వేలు మొత్తం చివరి నుంచి మొదలు దాకా వాచిపోవడం.

మడమ వెనకో కిందో నొప్పి, ముఖ్యంగా లేచి మొదటి అడుగులు వేసేటప్పుడు.

గోళ్లలో సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు, గోరు కింద నుంచి ఊడిరావడం.

ఇలాంటి వాటికి కీళ్లవాత నిపుణుడు, అంటే రుమటాలజిస్టు, చూడాలి. ఒకసారి అరిగిన కీలును మందులు మళ్లీ మామూలు చేయలేవు. అరగకుండా ఆపగలవు.

ఎముకలు గుల్లబారడం మరో ముప్పు. సొరియాసిస్ దానికదే ఎముకను ఎంత పలచబరుస్తుందన్న దానిపై అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. కానీ కీళ్లవాతం ఉండి కదలిక తగ్గినవారికి, విటమిన్ డి తక్కువ ఉన్నవారికి, నెలసరి ఆగిన మహిళలకు, పొగ, మద్యం అలవాటున్నవారికి ముప్పు ఎక్కువన్నది నిజం. చర్మం చూసి నలుగురూ ఏమనుకుంటారోనని ఎండలోకి రాకుండా, నిండా కప్పుకుని ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు మనకు ఎక్కువ. వాళ్లకు విటమిన్ డి కూడా అంతే తగ్గిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం స్టెరాయిడ్లు. నొప్పులకు, దురదకు వెంటనే గుణమిచ్చే పేరులేని పొడులు, బిళ్లలు, సూదిమందుల్లో ఇవి ఉండొచ్చు. నోటి ద్వారా తీసుకునే స్టెరాయిడ్లు మూడు నెలలు దాటితే ఎముకలను గుల్ల చేస్తాయి. పైగా వాటిని ఉన్నట్టుండి ఆపితే సొరియాసిస్ ఒళ్లంతా ఎగదన్ని, చీము పొక్కులుగా మారి ఆసుపత్రి పాలు చేయొచ్చు. ఇప్పటికే అలాంటివి వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకుండా ఆ పొట్లాన్నే తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

మన మెట్టలో ఇంకో చిక్కు

నెల్లూరు జిల్లా పేరు వైద్య చరిత్రలో ఫ్లోరోసిస్‌తో ముడిపడి ఉంది. 1937లో షార్ట్, ఆయన సహచరులు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన రోగుల గురించి వైద్య పత్రికల్లో రాశారు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల సంగతి అది. ఉదయగిరి వైపు మెట్టలోనూ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది.

అందుకే ఇక్కడ సొరియాసిస్ ఉన్నవారికి కీళ్లు పట్టేస్తే కారణం రెండింటిలో ఏదైనా కావచ్చు, రెండూ కావచ్చు. ఫ్లోరోసిస్‌లో మెడ, వెన్ను బిగుసుకోవడం ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లే తాగినవారి పళ్ల మీద గోధుమ రంగు మరకలు ఉంటాయి. అదే ఇంట్లో, అదే వీధిలో ఇంకొందరికీ ఉంటుంది. సొరియాసిస్ కీళ్లవాతంలో వేళ్లు, గోళ్లు, మడమలు గుర్తిస్తాయి. ఇంకో మెలిక కూడా ఉంది. ఫ్లోరైడ్ చేరిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో లెక్క బాగానే రావచ్చు. కానీ ఆ ఎముక పెళుసుగా ఉంటుంది. కాబట్టి మీరు ఏ ఊరి నీళ్లు, ఎన్నేళ్లు తాగారో డాక్టరుకు చెప్పడం పరీక్షంత ముఖ్యం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 దాటకూడదు.

వారానికి ఒక్కసారే

మెథోట్రెక్సేట్ ఎముకలను తినేస్తుందా? సొరియాసిస్‌కు వాడే కొద్ది మోతాదులో ఎముక సాంద్రత తగ్గుతుందని ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు నిరూపించలేదు. బహు అరుదుగా కొందరికి పిక్క ఎముకలో, మడమలో, పాదంలో సన్నటి పగుళ్లు రావచ్చు. దెబ్బ తగలకుండా కాలు ఎముక మీద ఒకేచోట నొప్పి వారాల తరబడి ఉంటే డాక్టరుకు చెప్పండి. అది తప్పిస్తే, కీళ్లలో వాపు తగ్గి మనిషి మళ్లీ నడవగలగడం వల్ల ఎముకకు జరిగే మేలే ఎక్కువ.

అసలు జాగ్రత్తలు వేరే ఉన్నాయి. ఈ మాత్ర వారానికి ఒక్కరోజే. పొరబాటున రోజూ మింగితే ప్రాణాలకే ముప్పు. ఆదివారమో బుధవారమో ఒక రోజు పెట్టుకుని క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. పెద్దవాళ్ల మాత్రలను ఇంట్లో ఒకరు చూసుకోవాలి. డాక్టరు చెప్పిన వేరే రోజు ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి. అంటే సుబ్బారావు బృందం తయారు చేసిన మందూ, దాని విరోధీ ఒకే డబ్బాలో ఉంటాయన్నమాట. నోటి పూత, వికారం, రక్తం తగ్గడం లాంటి ఇబ్బందులను ఆ ఫోలిక్ యాసిడ్ అదుపులో ఉంచుతుంది.

రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు డాక్టరు చెప్పిన గడువులో చేయించాలి. మద్యం మానాలి. గర్భిణులు ఈ మందు అస్సలు వాడకూడదు. పిల్లల కోసం ప్రయత్నించేవారు ముందే చెప్పాలి. జ్వరానికో మూత్రంలో మంటకో వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఈ మాత్ర వాడుతున్నట్టు చెప్పాలి. కోట్రైమాక్సజోల్ అనే మామూలు యాంటీబయాటిక్ దీంతో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుళ్లు, ఆయాసం కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే డాక్టరును కలవాలి.

ఎముకకు మనం చేయగలిగింది

పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి. నెలసరి ఆగిన మహిళలకు 1,200. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మన రాగి సంకటిని షుగరు వాళ్ల తిండిగా మాత్రమే చూడొద్దు. రెండు గ్లాసుల పాలు లేదా పెరుగు, నువ్వులు, మునగాకు, తోటకూర కలిస్తే చాలావరకు సరిపోతుంది. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో ఈ క్యాల్షియం మరీ అవసరం. చాలినంత క్యాల్షియం తింటే ఫ్లోరైడ్ ఒంటికి పట్టడం తగ్గుతుంది.

రోజూ కాసేపు చేతులు, కాళ్లు ఎండకు తగలనివ్వండి. సొరియాసిస్ మచ్చలకు కూడా ఎండ చాలామందిలో మేలే చేస్తుంది. చర్మం కమిలేదాకా మాత్రం కూర్చోవద్దు. విటమిన్ డి మాత్రలు, సూదులు పరీక్ష లేకుండా నెలల తరబడి వాడొద్దు. విటమిన్ డికీ సొరియాసిస్‌కూ చుట్టరికం ఉందన్న సంగతి కూడా ఎముకల వైద్యంలోనే బయటపడింది. 1985లో జపాన్‌లో ఎముకలు గుల్లబారిన ఒక రోగికి విటమిన్ డి లాంటి మందు ఇస్తే సొరియాసిస్ తగ్గింది. ఇవాళ వాడే క్యాల్సిపోట్రియాల్ పూత ఆ దారిలోదే. అది కూడా వారానికి 100 గ్రాములు మించితే రక్తంలో క్యాల్షియం పెరిగిపోతుంది.

రోజూ అరగంట నడక, కూర్చుని లేచే వ్యాయామాలు ఎముకకు బరువు పని ఇస్తాయి. 50 దాటిన మహిళలు, స్టెరాయిడ్లు వాడినవారు, చిన్న జారుపాటుకే ఎముక విరిగినవారు డెక్సా పరీక్ష గురించి అడగాలి. టీ స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకన్నా కిందకు గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. దానికి మంచి మందులున్నాయి.

సుబ్బారావు అన్నదమ్ములకు వచ్చిన జబ్బుకు ఆనాడు అల్లోపతిలో మందు లేదు. దాని కోసం ఆయన ఇల్లు, ఊరు, భార్య, బిడ్డ అన్నీ వదులుకున్నారు. ఇవాళ మన మెట్ట ఊళ్లలో కీళ్లు వంకర తిరుగుతున్నవారికి మందు ఉంది, ఖరీదూ పెద్దగా కాదు. బీరువాలో పెట్టిన చీటీ ఇంకా ఉంటే దాన్ని తీసి, మళ్లీ ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అనుమానాలన్నీ అక్కడే అడగండి. ఈసారి ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి.